జీర పలికే పెట్టెలు: ఇంట్లో గిటార్ రికార్డింగ్‌కు పాత రేడియో, మైకుసెట్టు ఎందుకు పనికొస్తాయి?

1972 నాటికి జాన్ డీకన్ లండన్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకుంటూ క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందంలో బేస్ గిటార్ వాయిస్తున్నాడు. ఒకరోజు రోడ్డు పక్క చెత్తకుప్పలోంచి తీగలు వేలాడుతున్న సర్క్యూట్ బోర్డు ఒకటి కనిపిస్తే తీసుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. అది ఏదో చిన్న ట్రాన్సిస్టర్ రేడియోలోంచి ఊడిన ముక్క. దాన్ని పుస్తకాల అరలో పెట్టుకునే స్పీకరు పెట్టెలో బిగించి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించాడు. వాల్యూమ్ తిప్పడానికి మీట లేదు, టోన్ మార్చడానికీ లేదు. ఒక వాటు శక్తి కూడా రాని ఆ పెట్టెకు బృందంలోని గిటారిస్టు బ్రయాన్ మే తన గిటారు తగిలించి చూశాడు. 1975లో వచ్చిన ‘గుడ్ కంపెనీ’ పాటలో పాతకాలపు జాజ్ బృందంలా ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ వినిపిస్తాయి. వాటిలో ఊదే వాద్యం ఒక్కటీ లేదు. అదంతా గిటారు, ఆ పెట్టె కలిసి చేసిన పని.

మే దగ్గర యాంప్లిఫైయర్లకు కరువేమీ లేదు. వేదిక మీద ఆయన వెనక 30 వాట్ల వోక్స్ ఏసీ30లు బారులు తీరి ఉండేవి. అవి ఉండగా చెత్తలో దొరికిన బోర్డుతో పనేమిటి? ఇంట్లో గిటారు రికార్డు చేసుకునేవారికి కావలసిన విషయమంతా ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది.

యాంప్లిఫైయర్ అంటే శబ్దాన్ని పెంచేది అని అందరికీ తెలుసు. గాయకుడి మైకు విషయంలో అది నిజమే. గొంతు ఎలా ఉందో అలాగే పెద్దదై వినిపించాలి. ఎలక్ట్రిక్ గిటారుకు వచ్చేసరికి యాంప్లిఫైయర్ చేసే ముఖ్యమైన పని పెంచడం కాదు, కోయడం. గిటారు యాంపుల్లో వాడే 12 అంగుళాల స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను దాదాపుగా వదిలేస్తుంది. ఆ కోత లేకుండా, డిస్టార్షన్ (ధ్వనిని కావాలని గరుకు చేసే ఏర్పాటు) పెట్టిన గిటారును నేరుగా కంప్యూటర్‌లోకి పంపి వింటే చెవి పక్కన దోమల గుంపు తిరిగినట్టుంటుంది. స్పీకరు ఆ దోమలను తోలేస్తుంది. ఇటు కింది వైపు కూడా చిన్న స్పీకరు 150, 200 హెర్ట్జ్‌ల దిగువన పెద్దగా ఏమీ పలకదు. గిటారులో అన్నిటికంటే మందమైన తీగ పలికే స్వరం 82 హెర్ట్జ్. అంటే ఆ స్వరం మూలధ్వనే స్పీకరులోంచి సరిగా బయటికి రాదు. అయినా చెవి మోసపోదు, లేదా సంతోషంగా మోసపోతుంది అనాలేమో. పై హరాత్మకాలను, అంటే మూలధ్వనికి రెండు, మూడు రెట్లలో దానితో పాటే పలికే పైధ్వనులను బట్టి, లేని మూలధ్వనిని మనసే పూరించుకుంటుంది. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకొచ్చేది. అందులో మగవారి గొంతు మూలధ్వని దాదాపుగా ఉండదు. అయినా ఫోనులో మాట్లాడేది నాన్నో అమ్మో ఎవరూ పొరబడలేదు కదా!

కోతతో పాటు యాంపు చేసే ఇంకో పని జీర కలపడం. సిగ్నల్ తన శక్తికి మించినప్పుడు అలల శిఖరాలను సర్క్యూట్ చదును చేసేస్తుంది. ఆ చదునులోంచి గిటారు వాయించని కొత్త హరాత్మకాలు పుడతాయి. తెలుగు చెవికి ఇది కొత్త సంగతి కాదు. తంబూర బ్రిడ్జి (తీగలు ఆనే వంతెన) మీద తీగ కింద నూలుపోగు ఒకటి పెడతారు. దాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలు, మొద్దుగా ఉన్న తీగ ఒక్కసారిగా రుంయ్‌మని విచ్చుకుంటుంది. ఆ పోగు తీగను స్వేచ్ఛగా కదలనివ్వదు, బ్రిడ్జికి రాసుకునేలా చేస్తుంది. ఆ అడ్డంకే నాదానికి జీవం. ఎలక్ట్రిక్ గిటారులో డిస్టార్షన్ అంటే విద్యుత్తుతో పెట్టిన నూలుపోగు అనుకోవచ్చు. జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న డీకన్ పెట్టెలో కోత, జీర రెండూ ఒక అరుదైన పాళ్లలో కుదిరాయి. ఏసీ30 అంత పెద్దగా అది పలకలేదు. పలకలేకపోవడమే దాని గొప్ప.

కాబట్టి ఇంట్లో పాత రేడియోనో, కంప్యూటర్ స్పీకరునో, క్యాసెట్ ప్లేయరునో యాంపుగా వాడాలనుకునేవారు అది ఎంత బాగా పలుకుతుందో చూడడం కంటే ఏమేమి వదిలేస్తుందో వినడం మేలు. ఆ వదిలేసినవి పాటలో మరో వాద్యానికి చోటు ఇస్తాయి.

ఈ దారి తొక్కినవారికి కొదవ లేదు. 1951లో మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ స్టూడియోకు వచ్చేసరికి ఐక్ టర్నర్ బృందం యాంపు దెబ్బతిని ఉంది. దారిలో ఏం జరిగిందో తలా ఒక రకంగా చెబుతారు. స్పీకరు కోనులో కాగితం కుక్కి అలాగే రికార్డు చేశారు. ఆ ‘రాకెట్ 88’లో విల్లీ కైజార్ట్ గిటారు గరగరమంటూనే చరిత్రకెక్కింది. 1958లో లింక్ రే స్పీకరు కోనుకు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో డేవ్ డేవిస్ ఎల్పికో అనే చిన్న యాంపు స్పీకరును బ్లేడుతో చీల్చి, దాని అవుట్‌పుట్‌ను ఏసీ30లోకి పంపాడు. కింక్స్ బృందం ‘యూ రియల్లీ గాట్ మీ’లో వినిపించేది ఆ చీలికే. 1968లో బీటిల్స్ ‘రెవల్యూషన్’కు యాంపునే పక్కన పెట్టి, గిటార్లను నేరుగా మిక్సింగ్ బల్లలోకి పంపి, దాని ప్రీయాంపులను (సిగ్నల్‌ను మొదట పెంచే భాగాలను) తట్టుకోలేనంతగా నింపేశారు. ఖరీదైన పరికరాన్ని అలా వాడడం ఆ స్టూడియో నియమాలకు విరుద్ధం. వీటిలో ఎక్కువ భాగం లేమిలోంచి పుట్టలేదన్నది గమనించాలి. మంచి పరికరం చేతిలో ఉండగానే చెడ్డదాన్ని ఎంచుకున్నారు.

వీటన్నిటిలో ఇంటి రికార్డింగ్‌కు దగ్గరగా వచ్చేది రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ పద్ధతి. అదే 1968లో ‘స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్’ కోసం ఆయన మామూలు అకూస్టిక్ గిటారును చిన్న ఫిలిప్స్ క్యాసెట్ రికార్డర్‌లోకి, అది మోయలేనంత గట్టిగా వాయించి రికార్డు చేశాడు. తర్వాత ఆ టేపును స్పీకరులో మోగించి, స్టూడియో మైకుతో మళ్లీ పట్టారు. ఆ పాటలో ఎలక్ట్రిక్ గిటారు అనిపించేది చాలావరకు నలిగిపోయిన అకూస్టిక్ గిటారే. ఇప్పుడు అటక మీదున్న టేప్‌రికార్డర్ దింపి అలా చేయబోతే ఒక చిక్కుంది. తర్వాత వచ్చిన చాలా టేప్‌రికార్డర్లలో శబ్దం పెరగగానే తానే తగ్గించే ఏర్పాటు ఉంటుంది. తీగ మీటగానే శబ్దం ఠక్కున అణిగి, మళ్లీ మెల్లగా పైకి లేస్తుంది. ప్రతి మీటుకూ పెట్టె ఊపిరి పీల్చినట్టుంటుంది. కొన్ని పాటల్లో అదే అందం, మిగతావాటిలో విసుగు. ఫోనులోని వాయిస్ రికార్డర్లలో ఇంకో రకం పేచీ. గదిలోని రొదను తుడిచేసే ఏర్పాటు గిటారు స్వరం తోకను కూడా రొదే అనుకుని కత్తిరించేస్తుంది.

ఇంట్లోని ఏ పెట్టెకు గిటారు తగిలించినా మొదట ఎదురయ్యే నిరాశ ఒకటే. ధ్వని మొద్దుగా, దుప్పటి కప్పినట్టుగా వస్తుంది. చాలామంది ఆ పెట్టె పనికిరాదని అక్కడితో వదిలేస్తారు. తప్పు పెట్టెది కాదు. గిటారు పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన తీగచుట్ట. అందులో పుట్టే సిగ్నల్‌కు బలం తక్కువ. గిటారు యాంపు ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు అది చూపే అడ్డు) 10 లక్షల ఓమ్‌ల వరకూ ఉంటుంది కాబట్టి అది పికప్ నుంచి పెద్దగా ఏమీ లాగదు. మ్యూజిక్ సిస్టమ్ వెనకుండే ఆక్స్ సాకెట్టు అలా కాదు, దాని ఇంపిడెన్స్ కొన్ని పదుల వేల ఓమ్‌లే. సన్నగా ఊరే బావి మీద పెద్ద మోటారు పెట్టినట్టు అది పికప్‌ను తోడేస్తుంది. ముందు ఎండిపోయేది తీగ మీది మెరుపు, అంటే పైధ్వనులు. దీనికి మందు చవకైనదే. మధ్యలో బఫర్ (పికప్‌ను తోడకుండా సిగ్నల్‌ను బలంగా ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్, అంటే కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టె, ఏదైనా ఒకటి పెట్టాలి. బాస్ కంపెనీ చిన్న పెడళ్లలో చాలావాటికి ఎఫెక్టు ఆపేసినా బఫర్ పనిచేస్తూనే ఉంటుంది, బ్యాటరీ ఉంటే చాలు. ఈ ఒక్క మార్పుతో, నిన్న పనికిరాదని పక్కన పెట్టిన స్పీకరు పెట్టె ఇవాళ వేరే వస్తువులా పలుకుతుంది.

ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే పాత రేడియోల కథ వేరు, అక్కడ ఆశ ఎక్కువ, అపాయం అంతకంటే ఎక్కువ. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ సెట్లలో చాలావాటికి వెనక గ్రామఫోన్ పికప్ కోసం సాకెట్టు ఉండేది. దాని ఇంపిడెన్స్ ఎక్కువ కాబట్టి గిటారుకు బాగానే అతుకుతుంది. చివరి వాల్వు ఈఎల్84 అయితే మరీ విశేషం. వోక్స్ ఏసీ30లో ఉన్నవి అవే వాల్వులు, నాలుగు. రేడియోలో ఒక్కటే ఉంటుంది, నాలుగైదు వాట్ల లోపే వస్తుంది, ఇంటికి అది చాలు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇలాంటి సెట్లు కనిపించినప్పుడు చేయి ఆగకపోవచ్చు.

కానీ కొనే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఏసీ, డీసీ రెండింటి మీదా పనిచేసేలా చేసిన సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి ఇనుప చట్రం కరెంటు తీగల్లో ఒకదానికి నేరుగా కలిసి ఉంటుంది. ప్లగ్గు ఇటు పెడితే అది న్యూట్రల్, అటు పెడితే 230 వోల్టుల ఫేజు. రేడియో వినేవారికి చెక్క పెట్టె, ప్లాస్టిక్ మీటలు రక్షణ. గిటారుకు ఆ రక్షణ లేదు. తీగలన్నీ బ్రిడ్జి ద్వారా కేబుల్ బయటి అల్లికకు, అక్కడినుంచి చట్రానికి కలుస్తాయి. అంటే వాయించేవాడి వేళ్లు నేరుగా మెయిన్స్ మీద ఉన్నట్టే. అలాంటి సెట్టును గిటారు దరిదాపులకు రానివ్వకూడదు. ఇందులో రాజీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు అయినా, దశాబ్దాలుగా మూలన పడి ఉంటే కెపాసిటర్లు పాడై ఉంటాయి. వాటిని మార్చకుండా ప్లగ్గు పెట్టకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల 250, 300 వోల్టులు నిలవ ఉండవచ్చు. వాల్వుల మీద చేయి తిరిగిన రేడియో మెకానిక్ దొరికితే ఆయనకే అప్పగించడం ఉత్తమం. దొరకకపోతే ఆ రేడియో అలంకారానికి బాగుంటుంది.

భయం లేకుండా మొదలుపెట్టాలంటే బ్యాటరీ పెట్టెలే సుఖం. ఎల్ఎం386 అనే ఎనిమిది కాళ్ల చిప్పు, రెండు మూడు కెపాసిటర్లు, ఒక చిన్న స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ కలిస్తే అర వాటు యాంపు తయారవుతుంది. ఖర్చు తక్కువ. కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట ఈ సామానంతా ఒక్క తిరుగుడులో దొరుకుతుంది. ఆ చిప్పు మామూలుగా సిగ్నల్‌ను 20 రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికి, ఎనిమిదో కాలికి మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తగిలిస్తే 200 రెట్లు. గిటారుకు 200 రెట్లంటే మీటిన ప్రతిసారీ పొంగిపొర్లడమే. సిగరెట్టు పెట్టెలో అమర్చి అమ్మిన యాంపులు కూడా ఈ చిప్పు మీద ఆధారపడినవే.

మైకుసెట్టును కూడా మరిచిపోకూడదు. పెళ్లి పందిరి నుంచి ఎన్నికల జీపు దాకా మోగిన అహూజా యాంప్లిఫైయర్, ఆ పొడుగాటి గొట్టం స్పీకరు తెలుగు ఊళ్లకు పరిచయం చేయనక్కరలేదు. ఆ గొట్టం కింది ధ్వనులను దాదాపుగా పలకదు, నడిమి ధ్వనులను మాత్రం ముక్కుతో మాట్లాడినట్టు ముందుకు తోస్తుంది. గిటారు మీద ఒంటరిగా వింటే ఘోరం. బేస్, డ్రమ్ములు, కీబోర్డు నిండుగా ఉన్న పాటలో రెండు స్వరాల చిన్న ముక్కను ఆ గొట్టంలోంచి పంపితే, దాన్ని ఏదీ మింగలేదు. ఇక్కడ హెచ్చరిక ధ్వని గురించి కాదు, పొరుగువారి గురించి. గొట్టం స్పీకరు ఒక్క వాటుతోనే వీధంతా వినిపించగలదు.

వాట్ల గురించి ఉన్న అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. 100 వాట్ల యాంపుకు, ఒక వాటు యాంపుకు మధ్య ఉన్నది 20 డెసిబెల్ తేడా. చెవికి అది నాలుగు రెట్లుగా తోస్తుంది, వంద రెట్లుగా కాదు. మంచి గిటారు స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 97 డెసిబెల్ దాకా రావచ్చు. అపార్టుమెంటులో రాత్రి పదింటికి అది గొడవకు చాలు. అందువల్ల ‘చిన్న యాంపు కదా’ అని ధీమా పడనక్కర్లేదు. మూడు అంగుళాల స్పీకరు పెట్టెలు నయమయ్యేది వాట్లు తగ్గడం వల్ల ఒక్కటే కాదు, ఆ చిన్న స్పీకరు శక్తిలో ఎక్కువ భాగాన్ని శబ్దంగా మార్చలేకపోవడం వల్ల కూడా.

ఇంత చిన్న పెట్టె రికార్డింగులో పెద్దగా ఎలా వినిపిస్తుంది? ఆ కిటుకు మైకుది. స్పీకరు ఎంత ఉందో మనకు కంటితో తెలుస్తుంది. రెండు అంగుళాల దూరంలో పెట్టిన మైకుకు కనిపించేది కోనులో ఒక ముక్కే. పైగా 1965 నుంచి గిటారు యాంపుల ముందు నిలబడుతున్న షూర్ ఎస్ఎం57లాంటి మైకులకు ఒక గుణం ఉంది. మూలానికి దగ్గరయ్యే కొద్దీ అవి కింది ధ్వనులను పెంచి చూపుతాయి. చిన్న స్పీకరు పోగొట్టిన బరువులో కొంత మైకు ఇలా తిరిగి ఇచ్చేస్తుంది. స్పీకరు చిన్నదైన కొద్దీ మైకు చోటు మీద ఆధారం పెరుగుతుంది. 12 అంగుళాల స్పీకరు ముందు మైకును అంగుళం జరిపితే కొద్ది తేడా. మూడు అంగుళాల స్పీకరు ముందు అంగుళమంటే కోను నడిమి నుంచి అంచు దాకా వెళ్లినట్టు. నడిమిన పెడితే పదును, అంచుకు పోతే మెత్తదనం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరినైనా వాయించమని, మైకును కొద్దికొద్దిగా జరుపుతూ వింటే పది నిమిషాల్లో సరైన చోటు దొరుకుతుంది. రెండో మైకు ఆలోచన మొదట్లో వద్దు. రెండు మైకులు రెండు దూరాల్లో ఉంటే ఒకదాని ధ్వని మరొకదాన్ని కొంత మింగి, అప్పుడే సంపాదించిన బరువు మళ్లీ పోతుంది.

గది సంగతీ ఉంది. యాంపును నేరుగా బల్ల మీద పెడితే బల్ల కూడా వాయిస్తుంది. కింద నాలుగు మడతలు వేసిన బొంత పరిస్తే ఆ బాధ తగ్గుతుంది. బట్టలు నిండిన చెక్క అల్మారా చక్కని రికార్డింగ్ గది. ఇనుప బీరువా మాత్రం ఒక్కో స్వరానికి గంటలా మోగుతుంది. ‘ఈ యాంపులో ఏదో కిరకిర’ అనుకున్న వాటిలో సగం వదులైన స్క్రూలో, స్పీకరు ముందు జాలీనో, దగ్గర్లోని స్టీలు గ్లాసో అయి ఉంటాయి. అనుమానం ఉన్న చోటల్లా వేలితో అదిమి చూస్తే దొంగ దొరుకుతాడు. దొరికాక తీసేయాలా, పాటలో ఉంచాలా అన్నది విని తేల్చుకోవలసిన మాట.

రొద విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన శత్రువు ఇన్వర్టర్. ఒకే తీగచుట్ట ఉన్న పికప్ చుట్టుపక్కల ప్రతి అయస్కాంత క్షేత్రాన్నీ పట్టేస్తుంది. మామూలు కరెంటు మీద అది 50 హెర్ట్జ్ గుయ్‌మనే మంద్రం, భరించవచ్చు. కరెంటు పోయి చవక రకం ఇన్వర్టర్ అందుకోగానే అది చదరపు అలగా మారి 150, 250, 350 హెర్ట్జ్‌లలో జుయ్‌మనే ముళ్లు మొలుస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లదీ అదే జాతి. ఫ్యాను ఆపి, లాప్‌టాప్ చార్జర్ పీకి, బ్యాటరీ యాంపుతో, గిటారు పట్టుకుని కుర్చీలో మెల్లగా చుట్టూ తిరిగితే ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. మే నెలలో ఫ్యాను లేకుండా ఎన్ని టేకులు అన్నది వాయించేవారి ఓపిక.

మైకు పెట్టే ఓపిక లేక యాంపు స్పీకరు తీగలను నేరుగా రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌కు (మైకు, గిటారులను కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు) తగిలించడం మాత్రం చేయకూడని పని. స్పీకరు వోల్టేజి ఇన్‌పుట్‌ను పాడు చేయవచ్చు. ఇప్పటి చిన్న యాంపు చిప్పులు చాలావాటిలో స్పీకరు రెండు తీగల్లో ఏదీ ఎర్త్ కాదు. ఇంటర్‌ఫేస్ ద్వారా ఒకటి ఎర్త్‌కు కలిసిందంటే చిప్పు మాడిపోవచ్చు. బ్లూటూత్ స్పీకరును యాంపుగా వాడాలనుకుంటే కేబుల్ సాకెట్టు ద్వారానే వాడాలి. గాలిలో పంపితే మీటిన తర్వాత సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యంగా వినిపించి వేళ్లు తడబడతాయి.

ఇన్ని తిప్పలు ఎందుకు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో పేరున్న యాంపులన్నీ ఉన్నాయి కదా అనే ప్రశ్న న్యాయమైనది. హెవీ మెటల్ వరసలకు, పెళుసుగా మెరిసే క్లీన్ ధ్వనికి ఆ సాఫ్ట్‌వేరే మేలు. మూడు అంగుళాల స్పీకరు ఆ పని చేయలేదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి అందరూ ఇప్పటికే విన్న యాంపులు. ఇంటి రేడియో నకలు అందులో లేదు. రెండూ కలపడమే తెలివి. గిటారును ముందు శుభ్రంగా నేరుగా రికార్డు చేసుకుని, వాయించడం బాగా కుదిరాక, ఆ ట్రాకును ఇంటర్‌ఫేస్‌లోంచి బయటికి పంపి పెట్టెలో మోగించి మైకుతో మళ్లీ పట్టవచ్చు. బయటికి వచ్చే లైన్ సిగ్నల్ గిటారు కంటే బలమైనది కాబట్టి ముందు బాగా తగ్గించాలి. ఇందుకోసమే చేసిన రీయాంప్ పెట్టె ఉంటే ఇంపిడెన్స్ కూడా సరిపోతుంది. ఈ పద్ధతిలో ఒకే వాయింపును రేడియోలో ఒకసారి, మైకుసెట్టులో ఒకసారి, కుండ మూతి మీద బోర్లించిన స్పీకరులో మరోసారి విని చూడవచ్చు. కుండ ఒక్క స్వరాన్నే నెత్తిన పెట్టుకుంటుంది, ఆ స్వరం పాట శ్రుతికి కుదిరితే అదృష్టం.

శుభ్రమైన ఆ ట్రాకును దాచుకోవడానికి ఇంకో కారణం బ్యాటరీ. చవక జింకు బ్యాటరీ వాడే కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. గట్టిగా మీటినప్పుడు వోల్టేజి కుంగి, శబ్దం అణిగి, స్వరం చివర మళ్లీ తేరుకుంటుంది. ఎల్ఎం386 నాలుగు వోల్టుల దాకా ఎలాగో పలుకుతూనే ఉంటుంది. కొత్త బ్యాటరీ 9 వోల్టుల మీద ఇచ్చిన ధ్వని కంటే, అరిగి 6 వోల్టులకు దిగినది ఇచ్చే ధ్వనే పాటకు కుదరడం తరచూ జరిగేదే. అలాంటి బ్యాటరీ తగిలినప్పుడు మల్టీమీటరుతో వోల్టేజి కొలిచి, చీటీ మీద రాసి దానికే అంటించి, మైకు కదపకుండా ఆ పూటే మిగతా భాగాలు కూడా పూర్తి చేసుకోవాలి. వాడుతూ పోతే అది ఇంకా కిందికి పడిపోతుంది, ధ్వని ఇంకోటి అవుతుంది.